ఆల్ఫా సిన్యూక్లీన్‌కు బహిరంగ లేఖ

ఆల్ఫా సిన్యూక్లీన్‌కు,

నీ పేరు సూర్యాపేటలో చాలామందికి తెలియదు. కోదాడలో, మిర్యాలగూడలో కూడా అంతే. నీ వల్ల చొక్కా గుండీ పెట్టుకోలేని స్థితికి వచ్చినవాళ్లు, నాలుగడుగులు వేయడానికి గోడ పట్టుకునేవాళ్లు మాత్రం ఈ మూడు ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్ల ఇళ్లలో నీకు వేరే పేర్లున్నాయి. కొందరు వణుకుడు రోగం అంటారు, కొందరు నరాల బలహీనత అంటారు, కొందరు వాతం అంటారు. ఎక్కువమంది ముసలితనం అని ఊరుకుంటారు. ఊరుకున్నన్ని రోజులూ నీ పని సాగుతూనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం నలుగురి ముందు రాస్తున్నాను. నీకు చెప్పే ప్రతి మాటా వాళ్ల చెవిన పడాలి.

ముందు నీ మంచి చెప్పి, తర్వాత చెడు చెబుతాను. నువ్వు పుట్టుకతో శత్రువువి కావు. 140 అమైనో ఆమ్లాలు వరసగా చేరితే ఏర్పడే చిన్న ప్రొటీన్‌వి. నాలుగో క్రోమోజోమ్ మీదున్న ఎస్‌ఎన్‌సీఏ అనే జన్యువు నిన్ను తయారు చేయిస్తుంది. నా మెదడులో ఉన్నావు, ఈ ఉత్తరం చదువుతున్నవాళ్ల మెదడులో ఉన్నావు. ఒక నాడీకణం ఇంకో నాడీకణానికి కబురు అందించే చోటును సినాప్స్ అంటారు. నీ కొలువు అక్కడే. కబురు పంపే కణం కొసన రసాయనం నింపుకున్న బుల్లి తిత్తులు సిద్ధంగా ఉంటాయి. విద్యుత్ సంకేతం రాగానే ఆ తిత్తులు కణం పొరకు అతుక్కుని, లోపలున్న రసాయనాన్ని బయటికి వదలాలి. ఇదంతా రెప్పపాటు కంటే తక్కువ కాలంలో అయిపోవాలి. ఆ అతుకు వేసేది స్నేర్ అనే ప్రొటీన్ల జట్టు. ఆ జట్టు సరిగ్గా కుదురుకునేలా సాయం పట్టేది నువ్వు. జాక్లీన్ బురే, థామస్ సూడోఫ్ బృందం 2010లో ఈ సంగతి తేల్చింది. తిత్తుల రాకపోకల గుట్టు విప్పినందుకు సూడోఫ్‌కు 2013లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

సూడోఫ్ బృందమే అంతకు ముందు, 2005లో, ఇంకో సంగతి బయటపెట్టింది. సినాప్స్‌ను కాపాడే వేరే ప్రొటీన్ ఒకటి లేకుండా పుట్టిన ఎలుకలు నరాలు దెబ్బతిని తొందరగా చనిపోతున్నాయి. వాటికి నిన్ను కాస్త ఎక్కువ ఇస్తే బతికాయి. అంటే ఆపదలో ఆదుకునే గుణం కూడా నీకుంది. నిన్ను పూర్తిగా తీసేసిన ఎలుకలు బతికి పిల్లల్ని కన్నాయి గానీ, వాటిలో కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనం విడుదలలో తేడా వచ్చింది. నీతోపాటు నీ తోబుట్టువులు బీటా, గామా సిన్యూక్లీన్‌లను కూడా తీసేస్తే, ఆ ఎలుకలకు వయసు మీద పడేకొద్దీ నరాల లోపాలు బయటపడ్డాయి. అందుకని నిన్ను వేళ్లతో సహా పెరికేయమని అడిగే ఉత్తరం కాదిది. నీ హద్దులో నిన్ను ఉంచడం ఎలాగన్నదే నా బాధ.

నిన్ను మొదట పట్టుకున్నది మనిషిలో కాదు. 1988లో అమెరికాలో లూక్ మారోటో, జేమ్స్ కాంపనెల్లి, రిచర్డ్ షెల్లర్ పసిఫిక్ సముద్రపు కరెంటు చేపలో నిన్ను గుర్తించారు. ఒళ్లు తాకితే షాక్ కొట్టే ఆ చేపలో సినాప్స్‌లు గుట్టలుగా ఉంటాయి కాబట్టి వాళ్లు దాన్ని ఎంచుకున్నారు. సినాప్స్‌లోనే కాదు, కణం కేంద్రకం దగ్గర కూడా కనిపించావు. కేంద్రకంలో నీకేం పని అన్న ప్రశ్న మన దక్షిణాదిలో కూడా కొందరిని పట్టుకుంది. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ పరిశోధన సంస్థలో మురళీధర హెగ్డే, కె.ఎస్. జగన్నాథరావు 2007లో డీఎన్‌ఏ తగిలితే నీ మడత మారిపోతుందని చూపించారు. ఎవరి సావాసంలో ఉంటే ఆ రూపం తొడుక్కునే స్వభావం నీది. ఒంటరిగా ఉన్నప్పుడు నీకు నిలకడైన ఆకారమంటూ లేదు. తిత్తి పొర మీద వాలినప్పుడు చుట్లు తిరిగిన రూపం వస్తుంది. నీ మంచికీ చెడుకీ మూలం ఈ స్వభావమే.

తొమ్మిదేళ్లు గడిచాక గానీ నీ రెండో ముఖం బయటపడలేదు. ఇటలీలో సలెర్నో దగ్గర కొంతుర్సి అనే ఊరి నుంచి అమెరికాకు వలస వెళ్లిన ఒక పెద్ద కుటుంబంలో తరతరానికీ పార్కిన్సన్స్ జబ్బు, అంటే మా ఊళ్లలో వణుకుడు రోగమనేది, వస్తోంది. మిహేల్ పోలిమెరోపులోస్ బృందం 1997లో వాళ్ల రక్తంలో, కొన్ని గ్రీకు కుటుంబాల రక్తంలో కారణం వెతికితే నీ జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా దొరికింది. దాని వల్ల నీలో 53వ స్థానంలో అలనిన్ ఉండాల్సిన చోట థ్రియోనిన్ చేరింది. అదే ఏడాది ఇంగ్లండులో మారియా గ్రాజియా స్పిల్లంటీని, మైఖేల్ గోడెర్ట్ బృందం ఇంకో రుజువు తెచ్చింది. పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల నాడీకణాల్లో గుండ్రటి ముద్దలు ఉంటాయని ఫ్రిట్జ్ లెవీ 1912లోనే రాసిపెట్టాడు. వాటికి లెవీ బాడీలని పేరు వచ్చింది. ఆ ముద్దల్లో ఏముందో 85 ఏళ్ల పాటు తేలలేదు. తేల్చి చూస్తే అందులో ఉన్నది ప్రధానంగా నువ్వే. జన్యువులో ఏ లోపమూ లేనివాళ్ల ముద్దల్లో కూడా నువ్వే.

జన్యు లోపం చాలా అరుదు. పార్కిన్సన్స్ వచ్చిన నూటికి తొంభై మంది పైగా అలాంటి లోపం లేనివాళ్లే. మరి నీ బుద్ధి ఎందుకు మారుతుంది? వయసు ఒక కారణం. నీ మోతాదు ఇంకో కారణం. 2003లో అమెరికాలో అయోవా కుటుంబమని పేరు పడ్డ వంశంలో నీ జన్యువుకు అదనపు ప్రతులు కనిపించాయి. అక్కడ నీ రూపంలో తప్పేమీ లేదు. ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉన్నావు, అంతే. జబ్బు రావడానికి అదే చాలింది. నువ్వు ముద్దకట్టే తీరు కూడా తెలిసింది: ఐఐటీ బాంబేలో సమీర్ కె. మాజి బృందం 2020లో నీ అణువులు ముందు చిన్న చిన్న ద్రవబిందువులుగా గుంపుకడతాయని, ఆ బిందువులు కాలం గడిచేకొద్దీ గట్టిపడి పోగులుగా మారతాయని చూపించింది.

ఒక అణువు మడత తప్పితే పోయేదేముందిలే అనుకోవడానికి లేదు. గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేస్తే తెల్లారేసరికి గిన్నెంతా పెరుగైపోతుంది కదా, నీ తీరు కూడా అదే. మడత తప్పిన అణువు పక్కనున్న మంచి అణువును తన మడతలోకి తెచ్చుకుంటుంది. అవి రెండూ మరి నాలుగింటిని. అలా కణం నిండాక పక్క కణంలోకి. 2008లో ఈ సంగతి కళ్లకు కట్టింది. పార్కిన్సన్స్ రోగుల మెదడులో పదేళ్లకు పైగా కిందట నాటిన కొత్త నాడీకణాలను వాళ్లు చనిపోయాక పరీక్షిస్తే, వయసు తక్కువైన ఆ కణాల్లో కూడా లెవీ బాడీలు దొరికాయి. జర్మన్ శాస్త్రవేత్త హైకో బ్రాక్ 2003లోనే నీ ప్రయాణానికి దారి గీసి చూపించాడు. వాసన పట్టే నాడులు, పేగులకు వెళ్లే వేగస్ నాడి మొదలయ్యే చోటు నీ తొలి మజిలీలు. ఆ పైన నిద్రను చూసుకునే భాగాలు. ఆ పైన నడిమెదడులోని నల్లటి పట్టీ, సబ్‌స్టాన్షియా నైగ్రా. చివరికి ఆలోచించే మెదడు.

కణం చచ్చిపోయాకే నష్టమని మేము చాలాకాలం అనుకున్నాం. నీ దెబ్బ ముందు తగిలేది నువ్వు కొలువున్న సినాప్స్‌కే. తిత్తులు సరిగ్గా వదలవు, కబురు సగంలో ఆగుతుంది, కొసలు ఎండిపోతాయి. కణం శరీరం ఆ తర్వాత ఎప్పుడో పోతుంది. చెయ్యి వణకడం మొదలయ్యేసరికి కదలికలను నడిపే డోపమైన్ కొసల్లో సగానికి పైగా పోయి ఉంటాయి. అంటే మా ఇళ్లలో మేము జబ్బు మొదలైందనుకునే రోజు నీకు మొదటి రోజు కాదు. అప్పటికే చాలా ఏళ్లుగా లోపల ఉన్నావు.

ఇక మా ఊళ్ల సంగతికి వస్తాను.

మా మేనమామ మిర్యాలగూడలో రైసుమిల్లు గుమాస్తాగా పనిచేశాడు. ఆయన కాంటా పుస్తకాలు ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి. పాతవి తెరిస్తే ఒక్కో అంకె గీతకూ గీతకూ మధ్య నిండుగా ఉంటుంది. బస్తాలు, తూకం, తరుగు, లారీ నంబరు, అన్నీ ఒకే కొలత. తర్వాతి పుస్తకాల్లో వరస మొదట్లో అంకె మామూలుగానే మొదలవుతుంది. కుడివైపు పోనుపోను చిన్నబడుతుంది. తరుగు గడి దగ్గరికి వచ్చేసరికి చీమ తలకాయంత. పేజీ కింది వరసల్లో పై వరసల కంటే ఇంకా చిన్నవి. తరుగు ఎన్ని కిలోలు రాశావని రైతులు మళ్లీ మళ్లీ అడిగేవాళ్లట. యజమాని కళ్లద్దాలు మార్చుకోమన్నాడు. మార్చుకున్నాడు. అక్షరం పెద్దది కాలేదు. అది చూపు లోపం కాదు. చేతి కదలిక కుదించుకుపోవడం పార్కిన్సన్స్‌లో తొలినాటి గుర్తుల్లో ఒకటి.

అంతకు ముందే ఇంకో గుర్తు కనిపించింది. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకబెట్టే రోజుల్లో మిల్లు రోడ్డంతా ఆ ఘాటు వాసనే ఉంటుంది. కొత్తగా ఆ వీధిలోకి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. మా మామకు అది తగలడం మానేసింది. "పొయ్యి మీద పప్పు మాడి పొగ వచ్చినా మీ మామకు తెల్వదు. రాత్రిపూట ఎవరితోనో కొట్లాడుతున్నట్టు కాళ్లూ చేతులూ ఇసురుతడు. ఒకనాడు నా చెంప మీద తగిలింది," అని అత్తమ్మ చెప్పేది. పీడకలలని దిష్టి తీయించింది. ఇంకా ముందు నుంచి ఆయనకు మలబద్ధకం. ముక్కు, పేగు, నిద్ర: బ్రాక్ గీసిన దారిలోనే నువ్వు నడిచావు.

కలలో తన్నడం, అరవడం అన్నిసార్లూ పీడకల కాదు. కల వచ్చే నిద్రలో మన ఒంటి కండరాలు మామూలుగా కదలకుండా ఉంటాయి. ఆ కట్టు తప్పితే మనిషి కలను చేతులతో కాళ్లతో ఆడతాడు. రోనాల్డ్ పోస్టుమా నాయకత్వంలో 24 కేంద్రాల వైద్యులు ఇలాంటి నిద్ర లోపం ఉన్న 1280 మందిని ఏళ్ల తరబడి గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. 12 ఏళ్లు తిరిగేసరికి నూటికి 73 మందికి పార్కిన్సన్స్‌గానీ, నీకు సంబంధించిన ఇంకో జబ్బుగానీ వస్తుందని వాళ్ల లెక్క. అత్తమ్మ చెంప మీద తగిలిన ఆ దెబ్బను ఏ డాక్టరు ముందూ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఎవరికి తెలుసు?

ఈ నేల మీద దాక్కోవడానికి నీకు ఇంకో చాటు దొరికింది. మా ఊళ్లున్న పాత నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన జిల్లా. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచంలో నల్గొండ పేరే పెట్టారు. అందుకని ఇక్కడ నడుము వంగి, కీళ్లు బిగుసుకుని, అడుగు తీసి అడుగు వేయలేని పెద్దమనిషిని చూస్తే ముందు నీళ్లనే అనుమానిస్తారు. ఫ్లోరైడ్ బిగింపు ఎముకల్లో, కీళ్లలో ఉంటుంది. నీ బిగింపు కండరాన్ని నడిపే మెదడులో ఉంటుంది. ఒక పక్క చెయ్యి ముందు నెమ్మదించడం, నడుస్తుంటే ఆ చెయ్యి ఊగకపోవడం, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడే వణికి ఏదైనా అందుకోబోతే వణుకు తగ్గడం, ముఖంలో నవ్వు ఏడుపు కనిపించకపోవడం, గొంతు చిన్నబోవడం నీ గుర్తులు. దీనికి స్కానింగుల అవసరం కూడా పెద్దగా ఉండదు. బొటనవేలు, చూపుడువేలు గబగబా కలిపి విడదీయమని చెప్పి, నాలుగడుగులు నడిపించి చూస్తే తెలిసిన డాక్టరుకు చాలావరకు అర్థమైపోతుంది.

తెలియనిచోట ఏమవుతుందో కూడా చెప్పాలి. నడకలో తూలుతున్నాడని మా మామకు ఒక క్లినిక్‌లో తల తిరుగుడు మాత్రలు రాసిచ్చారు. అవే మాత్రలు మెడికల్ షాపులో చీటీ లేకుండా నెలల తరబడి కొని వేశారు. సినారిజిన్, ఫ్లూనారిజిన్ అనే ఆ మందులు, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మతి చెదిరినవాళ్లకు ఇచ్చే హాలోపెరిడాల్ డోపమైన్ పనికి అడ్డుపడతాయి. పెద్దవయసులో నెలల తరబడి వాడితే పార్కిన్సన్స్ లేనివాళ్లకే ఆ లక్షణాలు తెప్పిస్తాయి. నువ్వు లోపల ఉన్నవాళ్లకు ఆ లక్షణాలను ఇంకా పెంచుతాయి. ఆయన మంచం దిగలేని స్థితికి వచ్చాక సూర్యాపేటలో ఒక డాక్టరు ఆ మాత్రలు ఆపించి హైదరాబాదు పంపాడు. ఆపిన కొన్ని వారాలకు కొంత తేరుకున్నాడు. మిగిలింది అసలు జబ్బు.

నీ ముఖం ఎప్పుడూ ఒకలాగే ఉండదు. కోదాడ వైపు ఒక ఇంట్లో పెద్దావిడ సాయంత్రమయ్యేసరికి వాకిట్లో పిల్లలు ఆడుకుంటున్నారని, వాళ్లకు అన్నం పెట్టమని కోడలికి చెప్పేది. వాకిట్లో ఎవరూ ఉండరు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఒకరోజు తెలివిగా ఉండి మర్నాడు మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, లేనివాళ్లు కళ్ల ముందు కనిపించడం, నడక బిగుసుకోవడం కలిసి వస్తే అది లెవీ బాడీ మతిమరుపు. అది కూడా నీ పనే. అలాంటివాళ్లకు హాలోపెరిడాల్ సూది ప్రాణం మీదికి తెస్తుంది. నాడీకణాలను వదిలి వాటికి తోడుండే కణాల్లో పేరుకుంటే ఇంకో జబ్బు, మల్టిపుల్ సిస్టమ్ ఎట్రఫీ. లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోతారు.

మా పొలాల సంగతి కూడా నీతో మాట్లాడాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మాగాణి ఏడాదికి రెండు పంటలు పండుతుంది. పంటతోపాటు మందుల పిచికారీ పెరిగింది. గట్ల మీద గడ్డికి కొట్టే మందుల్లో పారాక్వాట్ ఒకటి. 2001లో అమెరికాలో వ్లదీమిర్ ఉవెర్‌స్కీ బృందం కొన్ని పురుగుమందులు, కలుపుమందులు నిన్ను పరీక్షనాళికలోనే తొందరగా పోగులుగా మారుస్తాయని చూపించింది. 2002లో పారాక్వాట్ ఇచ్చిన ఎలుకల మెదడులో నువ్వు పెరిగి ముద్దకట్టడం కనిపించింది. 2011లో కారొలిన్ టానర్ బృందం అమెరికా రైతులను, పిచికారీ చేసేవాళ్లను పరిశీలిస్తే పారాక్వాట్ గానీ, రోటెనోన్ అనే పురుగుమందు గానీ వాడినవాళ్లలో పార్కిన్సన్స్ దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. మందు కొట్టిన ప్రతివాడికీ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. మందు కొట్టనివాళ్లకు కూడా వస్తుంది, మా మామ ఏనాడూ పంపు వీపుకెత్తుకోలేదు. కానీ నీకు చెయ్యందించే మందును మా రైతు, మా కూలీ చొక్కా తడిసేలా ఒంటి మీద ఒంపుకోవాల్సిన అవసరం లేదు. యూరప్ దేశాల్లో పారాక్వాట్ 2007లోనే ఆగిపోయింది. థాయిలాండ్ 2020లో నిషేధించింది. మన దేశంలో కేరళ 2011లోనే వద్దంది. పచ్చటి మాగాణి ఉన్న మా మూడు ఊళ్లు కూడా ఈ మాట గట్టిగా అడగాలి. అడిగి సాధించేలోగా చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ, నిండా చొక్కా, గాలికి ఎదురు నిలబడకుండా కొట్టడం, ఇంటికి రాగానే సబ్బుతో స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకడం అయినా పాటించాలి.

నీ ముందు మేము చేతులు ముడుచుకుని కూర్చోలేదని కూడా తెలుసుకో.  1967 ఫిబ్రవరిలో అమెరికాలో జార్జి కోట్జియాస్ పార్కిన్సన్స్ రోగులకు డోపా ఎక్కువ మోతాదులో ఇచ్చి, బిగుసుకుపోయిన మనుషులు లేచి నడిచారని ప్రకటించాడు. ఆ డోపాలో ఒక రూపమైన లెవోడోపా ఇవాళ్టికీ పార్కిన్సన్స్‌కు అన్నిటికంటే గట్టి మందు. దాని మొదటి కబుర్లలో ఒకటి మన పక్కనే పుట్టింది. మద్రాసులో దామోదరన్, రామస్వామి 1937లో దూలగొండి గింజల నుంచి లెవోడోపాను వేరు చేశారు. మన పొదల్లో పెరిగే దూలగొండే అది. గింజలు నూరుకుని తాగమని ఎవరికీ చెప్పడం లేదు. గింజ గింజకూ మోతాదు మారుతుంది, వాంతులు, భ్రమలు వస్తాయి. కార్బిడోపాతో కలిపిన మాత్ర జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, అందుబాటులో ఉంది.

హైదరాబాదు నిమ్స్‌లో న్యూరాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసిన రూపం బొర్గోహైన్ 2014లో వచ్చిన ఒక అంతర్జాతీయ పరిశోధనకు మొదటి రచయిత. లెవోడోపా వేసుకుంటున్నా మధ్యలో మందు పనితనం తగ్గిపోతున్న 669 మందితో సాఫినమైడ్ అనే మందును పరీక్షించి చూస్తే, అది వేసుకున్నవాళ్లకు రోజులో బాగా కదలగలిగే సమయం పెరిగింది. అమెరికా ఎఫ్‌డీఏ 2017లో దాన్ని ఒప్పుకుంది. మెదడులో సన్నటి తీగ పెట్టి విద్యుత్ ప్రేరణ ఇచ్చే ఆపరేషన్ కూడా హైదరాబాదులో చేస్తున్నారు. ఇవన్నీ డోపమైన్ లోటును పూడ్చేవి, లక్షణాలను తగ్గించేవి. నిన్ను ఆపేవి మాత్రం కావు. నిన్ను పట్టుకుని తీసేయాలని తయారుచేసిన ప్రాసినెజుమాబ్, సిన్‌పనెమాబ్ అనే రెండు యాంటీబాడీలు 2022లో వచ్చిన ఫలితాల్లో అనుకున్న లక్ష్యం చేరలేదు. ఆ ఫలితాలు చూసి మేము నిరుత్సాహపడలేదు. చెయ్యి వణికాక కాదు, అంతకు ముందే పట్టుకోవాలని అవి చెబుతున్నాయి.

ముందే పట్టుకునే దారి కూడా తెరుచుకుంటోంది. పెరుగు తోడులాంటి నీ గుణాన్నే పట్టుకుని ఒక పరీక్ష కట్టారు. వెన్ను నీటి చుక్కలో మడత తప్పిన నీ అణువు ఉంటే, అది మంచి అణువులను ఎంత తొందరగా పోగులు చేస్తుందో చూస్తారు. 2023లో 1100 మందికి పైగా పాల్గొన్న పరిశోధనలో పార్కిన్సన్స్ ఉన్న నూటికి సుమారు 88 మందిలో ఆ పరీక్ష నిన్ను పట్టేసింది. చెయ్యి వణకకముందే, వాసన పోయినవాళ్లలో కూడా నువ్వు దొరికావు. మామూలు ఆసుపత్రుల్లో చేసే పరీక్ష కాదు ఇంకా. రేపు నిన్ను ఆపే మందు వచ్చిన రోజున ఎవరికి ఇవ్వాలో చెప్పేది ఇలాంటి పరీక్షే.

ఆ రోజు వచ్చేలోగా మా ఊళ్లలో జరగాల్సినవి కొన్ని ఉన్నాయి. సూర్యాపేటలో, నల్గొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడి మెడిసిన్ విభాగాలు వారంలో ఒక పూట వణుకు, నడక లోపాలు ఉన్న పెద్దవాళ్ల కోసం ప్రత్యేకంగా కేటాయించాలి. కోదాడవాళ్లు ఖమ్మమో, విజయవాడో, హైదరాబాదో పరుగెత్తాల్సిన పని ఉండకూడదు. లెవోడోపా మాత్ర ఈ మూడు ఊళ్ల ప్రభుత్వాసుపత్రుల్లో ఎప్పుడూ ఉండాలి. ఆ మాత్ర రెండు రోజులు తప్పినా మనిషి కొయ్యబారిపోతాడు, ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. ఆర్‌ఎంపీలూ మెడికల్ షాపులవాళ్లూ పెద్దవాళ్లకు తల తిరుగుడు మాత్రలు నెలల తరబడి ఇవ్వడం ఆపాలి. మందు వేసుకునేవాళ్లు తిండికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేసుకోవాలి. పప్పు, గుడ్డు, మాంసం పేగులో ఆ మందుతో పోటీపడతాయి. వాటిని మానమని కాదు, మందుతో కలిపి తినవద్దని. రోజూ నడక, వ్యాయామం మానకూడదు. నడక ఆగిన ఇంట్లో నీ బలం ఇంకా పెరుగుతుంది.

నువ్వు ఇవన్నీ వినవు. వినే చెవి నీకు లేదు. వినాల్సింది సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఉన్న మా వాళ్లు. వాళ్లకు చెప్పేది ఇదే. మీ ఇంట్లో నాన్నో, అమ్మో, మామయ్యో వంటింటి వాసన పట్టలేకపోతున్నా, నిద్రలో చేతులు విసురుతున్నా, రాత చిన్నబడుతున్నా, నడుస్తుంటే ఒక చెయ్యి ఊగకపోయినా దాన్ని వయసు ఖాతాలో రాయకండి. ఒక్కటి కనిపించినంత మాత్రాన జబ్బు అని భయపడకండి. రెండు మూడు కలిసి కనిపిస్తే పిచికారీ అలవాటుతో సహా ఇంట్లో గమనించినవన్నీ కాగితం మీద రాసి, వేసుకుంటున్న మాత్రల చీటీలన్నీ సంచిలో వేసుకుని, న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఈ నెలలోనే తీసుకెళ్లండి.

ఇట్లు,
సూర్యాపేట నుంచి
పార్కిన్సన్స్‌తో బతుకుతున్న ఒక మనిషి మేనల్లుడు